పిలుపుల వరుస: టెలిఫోను యంత్రములో రైతు ప్రశ్న నడచు దారి

భారత ప్రభుత్వ వ్యవసాయ శాఖవారు 2004వ సంవత్సరము జనవరి 21వ తేదీన కిసాన్ కాల్ సెంటరు అను టెలిఫోను సలహా కేంద్రములను నెలకొల్పిరి. మొదట 1551 అను నాలుగంకెల సంఖ్యతో నడచిన ఈ యేర్పాటు నేడు 1800-180-1551 అను సంఖ్యతో ప్రసిద్ధముగ నున్నది. పిలిచినవారికి రుసుము లేదు. ఏ కంపెనీవారి టెలిఫోను నుండియైనను పిలువవచ్చును. ఆదివారములు, పండుగలు అను భేదము లేక ప్రతిదినము ఉదయము 6 గంటలు మొదలు రాత్రి 10 గంటల వరకు వ్యవసాయ పట్టభద్రులు అచ్చట కూర్చుండి సమాధానము చెప్పుదురు. ఇచ్చోడ ప్రాంతమున ఈ సంఖ్యను వినని రైతు అరుదు. వినియు పిలువనివారే హెచ్చు. పిలిచినవారిలోను "యంత్రమేదో మాటలాడినది, మాకు తెలియలేదు, పెట్టివేసితిమి" అనువారు మాకు గ్రామములలో తరచుగ తటస్థపడుచున్నారు. ఆ యంత్రమేమో, అది రైతును ఎందుకట్లు నిలువబెట్టునో, దానిచే మన పనిని ఎట్లు చేయించుకొనవలయునో వివరించుటకై ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

టెలిఫోను వచ్చిన తొలిదినములలో పిలుపును నడుపునది యంత్రము కాదు. ఎక్స్చేంజిలో ఒక మనిషి కూర్చుండి, ఎవరు కావలయునో అడిగి, పలకమీది రంధ్రములలో తీగను గ్రుచ్చి ఇరువురను కలుపుచుండెను. ట్రంకు కాలు బుక్కు చేసి పోస్టాఫీసు అరుగుమీద పూటంతయు కాచుకొన్న పెద్దలు మనలో ఇంకను కలరు. ఆ మనిషి లేకుండ యంత్రమే పిలుపును కలుపవచ్చునని చూపినవాడు అమెరికా దేశమున కాన్సాస్ నగరములో శవసంస్కారముల వ్యాపారము చేసికొనుచుండిన ఆల్మన్ స్ట్రోజరు. తనకు రావలసిన బేరములను ఎక్స్చేంజిలోని స్త్రీ తన పోటీదారునకు మళ్లించుచున్నదని అతడు అనుమానించెననియు, ఆ కోపముతోనే యంత్రమును కనిపెట్టెననియు చెప్పుదురు. కథ యెట్లున్నను, 1891 లో అతనికి పేటెంటు లభించెను. 1892 లో ఇండియానా రాష్ట్రమందలి లా పోర్ట్ అను చిన్న పట్టణమున అట్టి ఎక్స్చేంజి పని మొదలిడెను. మధ్యవర్తి తన బేరమును దారి మళ్లించునను భయము పత్తి పండించు రైతునకు కొత్తది కాదు గనుక స్ట్రోజరు కోపము మన పాఠకులకు వెంటనే అర్థము కాగలదు.

మన దేశమున పల్లెలకు తగిన ఎక్స్చేంజిని చేసినవారు 1984 లో స్థాపింపబడిన సి-డాట్ అను ప్రభుత్వ పరిశోధన సంస్థవారు. వారి 128 లైన్ల చిన్న ఎక్స్చేంజి 1986 లో కర్ణాటకమందలి కిత్తూరులో ప్రథమమున నెలకొల్పబడెను. విదేశముల నుండి వచ్చిన పెద్ద ఎక్స్చేంజీలకు చల్లని గదులు కావలసియుండగా, ఇది చల్లదనపు యంత్రము లేకయే ఎండకును దుమ్మునకును ఓర్చి పనిచేయునట్లు చేయబడినది. ఆదిలాబాదు వేసవిని ఎరిగినవారికి ఆ గుణము విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

పిమ్మట ఎక్స్చేంజి యంత్రము రానురాను కంప్యూటరులోని ఒక ప్రోగ్రాముగా మారిపోయినది. 1999 లో మార్క్ స్పెన్సర్ అను అమెరికా యువకుడు ఆస్టెరిస్క్ అను సాఫ్టువేరును వ్రాసి, ఎవరైనను ఉచితముగ వాడుకొనవచ్చునని విడిచిపెట్టెను. సాధారణమైన కంప్యూటరులో దీనిని పెట్టినచో అదియే ఒక ఆఫీసు ఎక్స్చేంజి యగును. పూర్వము కొత్త సదుపాయము కావలసిన కొత్త పెట్టెను కొని గోడకు బిగింపవలసియుండెను. ఇప్పుడు సాఫ్టువేరును మార్చిన చాలును. "అప్‌గ్రేడు" అని పట్టణములలో వాడు మాటకు అర్థమింతే. గడ్డినాగలి చట్రమును మార్చకయే దాని కఱ్ఱును మార్చుకొన్నట్లు. కిసాన్ కాల్ సెంటరును ప్రారంభమైన కొన్ని సంవత్సరములకు పునర్వ్యవస్థీకరించినప్పుడు ఇట్టి ఇంటర్నెట్ మార్గపు ఎక్స్చేంజినే అందు ప్రవేశపెట్టిరి. పిలిచినవారి సంఖ్య కనబడుట, పిలుపులన్నిటిని రికార్డు చేయుట, పెద్ద నిపుణుని నడుమ కలుపుట, సందేశమును నిలువ చేయుట మొదలగునవి దానితోనే వచ్చినవి.

ఇక రైతు ప్రశ్న వెంట నడచి చూతము.

సంఖ్యను నొక్కగానే మొదట పలుకునది యంత్రము. అది భాషను గాని విషయమును గాని ఎంచుకొనుమని చెప్పి ఒక అంకెను నొక్కుమనును. ఒక్కొక్క మీట నొక్కినప్పుడు రెండు వేర్వేరు స్వరములు ఒక్కసారిగ పుట్టి తీగలో పోవును. అవతలి యంత్రము ఆ స్వరముల జతను విని ఏ అంకెయో గుర్తించును. ఈ పద్ధతి 1963 లో అమెరికాలో వాడుకలోనికి వచ్చినది. మీట నొక్కకుండ "తెలుగు, తెలుగు" అని ఎంత బిగ్గరగ అరచినను అట్టి యంత్రమునకు వినబడదు. పెద్దవారు పెక్కుమంది పిలుపును మధ్యలో విడుచుట ఇచ్చటనే. నేటి గాజుపలక టెలిఫోనులలో మఱియొక చిక్కు గలదు. చెవికి ఆనించుకొనగానే పలక చీకటియగును, అంకెలు కనబడవు. పిలిచిన వెంటనే స్పీకరు గుర్తును నొక్కి, టెలిఫోనును ఎదుట పట్టుకొని, అంకెల పలకను తెరచి, యంత్రము మాట పూర్తిగ విన్న తరువాత నొక్కవలెను. ఇంటిలో చదువుకొను పిల్లలున్నచో ఒకసారి చూపించుకొనుట మేలు. రెండవసారికి ఎవరి సహాయము అక్కరలేదు.

తరువాతిది వరుస. సలహాదారులందరు మాటలాడుచున్నప్పుడు యంత్రము మన పిలుపును త్రోసివేయక, వచ్చిన క్రమమున నిలిపియుంచును. ఈ నిలుపుటను గూర్చి మన రైతులకు గల కోపము న్యాయమైనదే గాని, దాని వెనుక నున్న లెక్క తెలిసినచో కోపము ఎవరిమీద చూపవలయునో తెలియును. డెన్మార్కు దేశమున కోపెన్‌హాగన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన ఎర్లాంగు అను గణితవేత్త 1909 లోను 1917 లోను ఈ వరుసల గణితమును ప్రకటించెను. నేటికిని ప్రపంచమందలి టెలిఫోను కేంద్రములు ఆ సూత్రములతోనే మనుష్యులను నియమించుకొనుచున్నవి.

ఒక దృష్టాంతమును తీసికొందము. గంటకు 60 మంది రైతులు పిలుతురనియు, ఒక్కొక్కరితో 5 నిమిషములు మాటలాడవలయుననియు అనుకొందము. ఒక సలహాదారుడు గంటకు 12 మందికి చెప్పగలడు గనుక 5 గురు చాలునని తోచును. కాని పిలుపులు గడియారము ప్రకారము రావు. ఒక నిమిషమున నలుగురు పిలిచి, తరువాతి మూడు నిమిషములు ఎవరును పిలువకపోవచ్చును. ఖాళీగ గడచిన నిమిషము తిరిగి రాదు. అందుచే 5 గురిని పెట్టినచో వరుస పెరుగుచునే పోవును. 6 గురిని పెట్టినచో ఎర్లాంగు సూత్రము ననుసరించి సగటున సుమారు 3 నిమిషములు వేచియుండవలెను. 7 గురిని పెట్టినచో ఆ నిరీక్షణ 1 నిమిషమునకు లోపుగ వచ్చును. 8 మందిని పెట్టినచో 20 సెకన్లు కూడ పట్టదు. ఒక్క మనిషి కలియుటచే ఇంత భేదము వచ్చుననుట వినుటకు వింతగనుండును గాని జిన్నింగు మిల్లు వాకిట కాంటా వద్ద బండ్ల వరుసను చూచినవారు నమ్మగలరు. యంత్రమెంత కొత్తదైనను ఈ లెక్కను మార్చలేదు. వరుస పొడుగైనచో దోషము యంత్రమున లేదు, కుర్చీల లెక్కలో నున్నది. రైతు సంఘములవారు పైవారికి వ్రాయు అర్జీలలో సాఫ్టువేరును నిందించుట మాని, సలహాదారుల సంఖ్యను అడుగుట యుక్తమని మా అభిప్రాయము.

వేచియున్నంతసేపు యంత్రము రాష్ట్రమునకు తగిన వ్యవసాయ సూచనలను వినిపించుచుండును. పాటకంటె ఇది మేలు. అయితే ఒక మాట. మొదటి తొలకరి పడిన ఉదయమున, పత్తిచేనికి పురుగు తగిలెనను వార్త పుట్టిన సాయంకాలమున అందరును ఒక్కసారిగ పిలుతురు. విత్తనశుద్ధి వంటి ప్రశ్నలను వానకు పది దినములు ముందుగనే అడిగి పెట్టుకొన్నవాడు వరుసలో నిలువడు. అవసరమున్నవానికి చోటు విడిచినవాడును అగును.

వరుస ముగిసి సలహాదారుడు పలికిన క్షణమున అతని ఎదుటి కంప్యూటరుమీద మన సంఖ్య కనబడును. అతడు మన ఊరు, మండలము, పైరు అడిగి వ్రాసికొనును. ఇది కాలహరణమని విసుగుకొనువారు కలరు. కాని ఇచ్చోడ నల్లరేగడిలో నిలిచిన పత్తికిని, ఖమ్మము ఎఱ్ఱనేలలో నిలిచిన పత్తికిని ఒకే మాట చెప్పరాదు గదా.

ఇప్పుడు అసలైన కష్టము వచ్చును. అది యంత్రమునది కాదు, మాటది. మన ప్రాంతమున భాద్రపద ఆశ్వయుజ మాసములలో అందరడుగు ప్రశ్న యొకటి: "సారూ, పత్తి ఆకులు ఎర్రవడుతున్నయి. ఏం మందు గొట్టాలె?" ఈ ఒక్క మాటలో కనీసము మూడు వేర్వేరు సంగతులు దాగియున్నవి. ఈనెలు పచ్చగనే యుండి ఈనెల నడుమ భాగము ఎఱ్ఱబడినచో, అందును ముదురు ఆకులలో మొదలైనచో, అది మెగ్నీషియము అను పోషకపు లోపము. దానికి లీటరు నీటికి 10 గ్రాముల చొప్పున మెగ్నీషియము సల్ఫేటును కలిపి చల్లుదురు. ఆకు అంచులు పసుపుబారి, క్రిందికి ముడుచుకొని, పిమ్మట ఎఱ్ఱబడినచో, ఆకు అడుగుభాగమున పచ్చదోమ యున్నదేమో చూడవలెను. దానిమీద మెగ్నీషియము ఎంత చల్లినను దోమ చావదు. ఇక చలి ముదిరిన కాలమున, కాయ పట్టిన చెట్టున ముదురాకు ఎఱ్ఱబడుట వయస్సు ధర్మమే కావచ్చును; దానికి ఏ మందును అక్కరలేదు. మూడింటికి మూడు దారులు. తప్పు దారి పట్టినచో మందు ఖర్చు, కూలి ఖర్చు పోవుటయే గాక అసలు వ్యాధికి చికిత్స జరుగవలసిన వారము దినములు పోవును. ఆ వారమును ఎవరును తిరిగి ఈయజాలరు.

కావున సలహాదారుడు "ఎప్పుడు పెట్టినారు? అంచులు ముడుచుకున్నాయా? ఆకు తిప్పి చూసినారా?" అని అడుగునప్పుడు పొలములో నిలిచి చూచుచు చెప్పవలయును గాని ఇంటి మంచముమీద కూర్చుండి జ్ఞాపకమునుబట్టి చెప్పరాదు. పిలుచుటకు ముందు విత్తిన తేదీ, విత్తనపు పేరు, ఇంతవరకు చల్లిన మందుల డబ్బాలు లేక వాని చీటీలు దగ్గర నుంచుకొనుడు. మేము చూచినంతలో, డబ్బాను చేత పట్టుకొని పేరు కూడబలుకుకొని చదివిన రైతు ఐదు నిమిషములలో పని ముగించుకొనును. "ఆ నీలం డబ్బా మందే సార్" అన్నవాడు పదిహేను నిమిషములైనను ముగించుకొనలేడు. నీలపు డబ్బాలు అంగడిలో ఇరువది రకములున్నవి.

సలహాదారునకు సమాధానము తెలియనప్పుడు ఏమగును? పూర్వపు పద్ధతిలో "కనుగొని చెప్పెదము" అని పిలుపు ముగియుచుండెను. కొత్త ఎక్స్చేంజిలో రైతును విడువకుండగనే విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞుని గాని, కృషి విజ్ఞాన కేంద్రపు నిపుణుని గాని, శాఖాధికారిని గాని పిలిచి ముగ్గురను ఒకేచోట మాటలాడించు వీలు గలదు. దీనిని కాన్ఫరెన్సు అందురు. ఈ సదుపాయము గలదని తెలిసిన రైతు మిక్కిలి తక్కువ. సమాధానము మీకు తృప్తి నీయనిచో "పెద్ద సారును కలుపుండి" అని మర్యాదగ అడుగవచ్చును. అడుగుట మీ హక్కే. దానికి ఎవరును నొచ్చుకొనరు. పర్యవేక్షకుడు పిలుపులో ప్రవేశించు వీలును గలదు. నడుమ కొత్త గొంతు వినవచ్చినచో ఎవరో దొంగతనముగ వినుచున్నారని కలవరపడి పెట్టివేయనక్కరలేదు.

సంభాషణ ముగిసిన పిమ్మట చెప్పిన సలహా సారాంశము చిన్న సందేశముగ రైతు టెలిఫోనునకు వచ్చును. దానిని చెరిపివేయకుడు. మందుల దుకాణమునకు పోవునప్పుడు ఆ సందేశమును చూపినచో, ఒక మందుకు బదులు వేరొకదానిని అంటగట్టుటకు వీలు తగ్గును. మోతాదును మాత్రము పిలుపులోనే మీ నోట తిరిగి పలికి సరిచూచుకొనుడు. "లీటరుకు పది గ్రాములా, ట్యాంకుకు పది గ్రాములా?" అను ప్రశ్నకు సిగ్గుపడరాదు. ఆ రెంటికి నడుమ భేదము పదింతలకు మించియుండును.

పిలుపులన్నియు నూటికి నూరును రికార్డగును. అవసరమైనచో తిరిగి విని ఎవరేమి చెప్పిరో తెలిసికొనవచ్చును. ఈ మాట విని భయపడువారికి ఒకటి చెప్పుచున్నాము. పైరు సంగతి చెప్పుటకు బ్యాంకు ఖాతా సంఖ్యతో గాని, టెలిఫోనునకు వచ్చు రహస్యాంకెతో గాని పనిలేదు. సలహా కేంద్రమునుండి పిలుచుచున్నామని చెప్పి ఎవరైనను ఆ అంకెను అడిగినచో అది మోసమని ఎరిగి వెంటనే పెట్టివేయుడు. సర్కారు సొమ్ము జమ యగుటకు మీరు ఏ అంకెయు ఎవరికిని చెప్పనక్కరలేదు.

రైతులడుగు ప్రశ్నల చిట్టాను పేర్లు సంఖ్యలు లేకుండ, జిల్లా, పైరు, విషయము వారీగ ప్రభుత్వమువారు తమ బహిరంగ సమాచార కేంద్రమున అందరికిని ఉంచుచున్నారు. శాస్త్రజ్ఞులు వానిని చూచి ఏ జిల్లాలో ఏ తెగులు ఎప్పుడు తలయెత్తినదో ఊహించుచున్నారు. అనగా పిలువని ఊరి పురుగు ఆ చిట్టాలో కనబడదు. తన చేనిలో గులాబీరంగు పురుగును మొదట చూచి మౌనముగ నున్న రైతు తనకే గాక చుట్టుపట్ల ఊళ్లకును నష్టము చేసినవాడగుచున్నాడు. ఈ సంగతిని మేము సభలలో చెప్పినప్పుడు కొందరు నవ్విరి గాని, నవ్విన తరువాత ఇద్దరు ముగ్గురు సంఖ్యను వ్రాసికొనిరి.

ఇంతవరకు మెచ్చుకొంటిమి. ఇక మెచ్చుకొనరాని దానిని చెప్పవలెను.

కిసాన్ కాల్ సెంటరు 22 భాషలలో సమాధానము చెప్పును. తెలుగు, మరాఠీ, ఉర్దూ, హిందీ అందున్నవి. గోండి లేదు. ఇచ్చోడ, ఇంద్రవెల్లి, ఉట్నూరు ప్రాంతములలో పత్తియు జొన్నయు కందియు పండించు కుటుంబములలో ఇంటిభాష గోండిగా గలవారెందరో మీకు వేరుగ చెప్పనేల? 2011 జనాభా లెక్కలలో దేశమున గోండి మాతృభాషగా చెప్పినవారు దాదాపు 30 లక్షలు. బోడో భాషీయులు 15 లక్షలకు కొంచెము తక్కువ. అయినను రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో 2003 నాటి సవరణచే బోడో చేరినది, గోండి చేరలేదు. బోడోవారికి దక్కినదానిని మేము ఆక్షేపించుట లేదు. గోండులకును దక్కవలెనని మాత్రమే మా మాట. గోండు స్త్రీ పొలములో చూచిన తెగులును తనకు వచ్చిన నాలుగు తెలుగు మాటలలో ఇముడ్చవలసివచ్చినప్పుడు, ఆకు అంచు ముడుచుకొన్నదా, ఈనె పచ్చగనున్నదా అను ప్రశ్నకు సరియైన సమాధానము ఎట్లు రాగలదు? పైన చెప్పిన మూడు దారులలో ఏది దొరకునో అదృష్టము. ఎక్స్చేంజి సాఫ్టువేరునకు మరియొక భాషను చేర్చుట కష్టము కాదు. ఒక అంకె, ఒక రికార్డు, ఆ అంకె నొక్కినవారిని గోండి తెలిసిన సలహాదారుని వరుసకు పంపు ఒక ఆజ్ఞ, అంతియే కావలెను. ఆ కుర్చీలో కూర్చుండుటకు వ్యవసాయము చదివిన గోండు యువకుని గాని యువతిని గాని నియమించుటయే అసలు పని.

ఇది కాని పని యనువారికి ఛత్తీస్‌గఢమును చూపుదుము. అచ్చట 2010 లో శుభ్రాంశు చౌదరి అను పత్రికా రచయిత సి.జి.నెట్ స్వర అను పేర ఒక టెలిఫోను యేర్పాటును మొదలిడెను. అడవిపల్లెలోని మనిషి ఒక సంఖ్యకు మిస్డ్ కాల్ ఇచ్చును. కంప్యూటరు తానే తిరిగి పిలుచును గనుక అతనికి పైసా ఖర్చు లేదు. మాటలాడవలసినచో ఒక అంకె, ఇతరులు చెప్పినది వినవలసినచో మరియొక అంకె. చేతిపంపు చెడినదనియు, కూలి రాలేదనియు జనులు తమ గోండిలోనే చెప్పుకొనిరి. చదువు రానివారికి చెవియు నోరును ఉన్నచో చాలునని ఆ యేర్పాటు రుజువు చేసినది. మన సర్కారువారు 2023 లో ప్రారంభించిన కిసాన్ ఇ-మిత్ర వంటి కొత్త సాధనములు కంప్యూటరు చేతనే సమాధానము చెప్పించుచున్నవి. వానికి ముందు గోండి నేర్పినపిమ్మటనే మా మెప్పు పొందగలవు.

మిస్డ్ కాల్ అనునది మన దేశపు రైతులు తాముగ కనిపెట్టుకొన్న తంతి భాష. ఒకసారి మ్రోగిన "బయలుదేరితిని" అనియు, రెండుసార్లు మ్రోగిన "మోటారు కట్టివేయుము" అనియు ఏర్పాటు చేసికొన్న ఇండ్లు మేమెరుగుదుము. తిరిగి పిలుచు యంత్రము ఆ అలవాటునకే అతుకుకొన్నది.

ఇప్పుడు మన సహకార సంఘముల మాట. 2025 వానకాలమున తెలంగాణమున యూరియాకు కలిగిన కొరత ఎవరికిని మరపురాదు. సంఘముల వాకిళ్లలో తెల్లవారుజామునుండి నిలిచి, నిలువలేక వరుసలో చెప్పులు పెట్టి, పాసుపుస్తకములు పెట్టి చెట్టునీడను కూర్చున్నవారిని రాష్ట్రమంతయు చూచినది. 45 కిలోల బస్తా వెల 266 రూపాయల 50 పైసలు. దానికై పోయిన రెండు దినముల కూలి అంతకు మించినది. ఎరువు తక్కువైనప్పుడు టెలిఫోను ఎరువును పుట్టింపజాలదు. కాని అందులో పెక్కుమంది వచ్చినది ఎరువు కొనుటకు కాదు. ఎరువు వచ్చినదో లేదో తెలిసికొనుటకు. సంఘ కార్యదర్శి జేబులో ఒక్క టెలిఫోను. 200 మంది సభ్యులు దినమునకు ఒక్కసారి పిలిచి ఒక్కొక్క నిమిషము మాటలాడినను 200 నిమిషములు, అనగా 3 గంటల 20 నిమిషములు. అంతసేపు అతడు తూకము చూచునా, రసీదు వ్రాయునా? కావున టెలిఫోను ఎత్తడు. ఎత్తడు గనుక జనులు పది, పదిహేను మైళ్లు వచ్చి నిలుతురు. వచ్చి నిలిచినవారిని చూచి మరికొందరు నిలుతురు.

ఇట్టి చోటనే వ్యాపార కార్యాలయములకై చేయబడిన కొత్త ఎక్స్చేంజి సాఫ్టువేరు మనకు మిక్కిలి పనికివచ్చును. కేంద్ర ప్రభుత్వమువారు 2022 జూనులో దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ సంఘములను 2,516 కోట్ల రూపాయలతో కంప్యూటరీకరింప నిశ్చయించిరి. కంప్యూటరును ఇంటర్నెటును ఉన్న సంఘమునకు టెలిఫోను సాఫ్టువేరు అధిక భారము కాదు. ఆస్టెరిస్క్ వంటిది ఉచితమే గనుక, ఒక లైనునకును, దానిని అమర్చువాని కూలికిని మాత్రమే ఖర్చు. ఒక సంఖ్యకు ఒకేసారి పెక్కుమంది పిలిచినను యంత్రము అందరికిని జవాబు చెప్పునట్లు లైను తీసికొనవలెను.

దానిచే ఏమి చెప్పింపవలెను? మా సలహా మిక్కిలి కొద్దిగ. పిలువగానే, ఏ అంకెయు నొక్కకుండగనే, మొట్టమొదటి వాక్యముగ నేటి తేదీ, యూరియా ఎన్ని బస్తాలున్నవి, ఏ వేళ ఇచ్చుట మొదలగును, తలకు ఎన్ని అను సంగతి వినబడవలెను. నూటికి ఎనుబదిమంది అంతటితో తృప్తిపడి పెట్టివేయుదురని మా ఊహ. ఆగినవారికి రెండే అంకెలు: ఒకటి నొక్కిన పంట కొనుగోలు తేదీలు, రెండు నొక్కిన అప్పు సంగతులకై కార్యదర్శి. మనిషి దొరకనిచో సందేశమును చెప్పుమని అడిగి నిలువ చేయవలెను. సాయంకాలము కార్యదర్శి వానిని విని తిరిగి పిలువవలెను. ఇంతకు మించి అంకెలు పెంచినచో పట్టణపు బ్యాంకుల వలె రైతు ఏడవ మీట దగ్గర దారి తప్పును. బ్యాంకులవారు దానిని సేవ యనుకొనుచున్నారు, మనము అనుకొననక్కరలేదు.

ఒక్క ప్రమాదము మాత్రము గలదు. నిన్నటి మాట నేడు పలుకు యంత్రము మౌనముగ నున్న యంత్రముకంటె చెడ్డది. 300 బస్తాలున్నవని నిన్న ఉదయము రికార్డు చేసి, మధ్యాహ్నమునకు అవి చెల్లిపోయినను నేడును అదే పలికించినచో, బండి కట్టుకొని వచ్చిన సభ్యుడు ఆ సంఖ్యను మరల నమ్మడు. అందుచే ఉదయము గోదాము తాళము తీసినప్పుడొకసారి, మధ్యాహ్నమొకసారి, సరకు చెల్లిన క్షణమున మరొకసారి మాటను మార్చు బాధ్యతను ఒకరి పేర వ్రాసి పెట్టవలెను. మార్చుట కష్టమేమియు కాదు. ఆ బాధ్యుడు తన టెలిఫోనునుండియే రహస్యాంకె నొక్కి కొత్తమాట పలుకవచ్చును.

ఎవరి గొంతుతో పలికింపవలెనను ప్రశ్న మిగిలియున్నది. పట్టణపు రికార్డు గొంతు వలదు. మన సభ్యులలో స్పష్టముగ మాటలాడువారిని ఎంచుకొని, తెలుగులో ఒకరిచే, గోండిలో ఒకరిచే, మరాఠీలో ఒకరిచే, లంబాడీలో ఒకరిచే పలికింపవలెను. అంకెలు, వారములు, "సరకు లేదు", "రేపు రండి" అను మాటలను ముందుగ విడివిడిగ రికార్డు చేసి పెట్టుకొన్నచో దినదినము నలుగురిని పిలువనక్కరలేదు. కంప్యూటరు ఆ ముక్కలను కూర్చి నాలుగు భాషలలో పలుకును. ఒక్కొక్కరికి అంతయు పలుకుటకు ఒక గంట కాలము పట్టును. సంత దినమున సంఘపు గదిలో తలుపు మూసికొని, ఫ్యాను ఆపి, ఆ పని చేసికొనవచ్చును.